ముందు పెద్దావిడ చెయ్యి

పరిటాల దగ్గర మారిసెల్‌కి మెలకువ వచ్చింది. కారు అద్దం అవతల, పొద్దుటి మంచులో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తాటిచెట్ల కంటే ఎత్తు. నడుం దాకా మంచు, పైన మనిషి. సముద్రంలో నడుచుకుంటూ వచ్చి ఇక్కడ కాసేపు ఆగినట్టున్నాడు. ఇది కలే అయితే మాట్లాడగానే చెదిరిపోతుందని ఆమె ఊరుకుంది.

"హనుమంతుడి విగ్రహం," అన్నాడు ముందు సీటులోంచి మొగుడు డేవిడ్‌రాజు. "ఇక్కణ్ణించి మన ఏరియానే."

ఒళ్ళో కూతురు గ్రేసీ నిద్రపోతోంది. ఆ పిల్ల దోహాలో పుట్టింది. ఎడారి తప్ప ఇంకోటి ఎరగదు. మారిసెల్‌ది ఫిలిప్పీన్స్‌లో సమార్ అనే దీవి. తండ్రి చేపలు పట్టేవాడు. ఆ ఇంటిని ఓ తుపాను ఊడ్చుకుపోయింది. ఇప్పుడా చోట ఇసుక ఉంది, అంతే. దోహాలో ఓ ఆసుపత్రిలో ఆయాగా చేస్తుండగా, అక్కడే ఎక్స్‌రేలు తీసే డేవిడ్‌రాజు పరిచయమయ్యాడు. ఆసుపత్రి చేతులు మారి పాతవాళ్ళందర్నీ సాగనంపింది. అతనికి నందిగామలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో మళ్ళీ ఎక్స్‌రే పనే దొరికింది. కాపురం మాత్రం జగ్గయ్యపేటలో పెడదామన్నాడు, పిల్లకి బడి బాగుంటుందని. అతని సొంతూరు పెనుగంచిప్రోలు. జగ్గయ్యపేటలో ఆటో ఎక్కితే వెళ్ళిపోవచ్చు. మరి అమ్మ దగ్గరే ఉండొచ్చు కదా అని ఆమె అడగలేదు. అడిగినా అతను చెప్పేవాడు కాదు.

ఇల్లు ఇట్టే దొరికింది. అదీ వింత. డేవిడ్‌రాజు ఒక్కడే వెళ్ళి తలుపు తడితే, టులెట్ బోర్డు వేలాడుతుండగానే "ఇప్పుడే ఇచ్చేశాం బాబూ" అనేవాళ్ళు. చదువుకునే రోజుల్లో ఇదే ఊళ్ళో గదికోసం తిరిగి తిరిగి అతను నేర్చుకున్న పాఠం అది. అందుకని పెళ్ళాన్ని ముందు నడిపించాడు.

అద్దెకిచ్చేది పై పోర్షన్. కింద ఉండే ఇంటామె పేరు సుబ్బమ్మ. వరండాలో కూచుని చింతపండు గింజలు తీస్తోంది. పెద్ద రైతుల ఇంటి మనిషి. మొగుడు పోయాడు. కొడుకు భవానీప్రసాద్‌కి బజార్లో పురుగుమందుల షాపుంది, పొద్దున పోతే రాత్రికి గానీ రాడు. సుబ్బమ్మ వీళ్ళని పైనించి కిందకి చూసి, అందరినీ అడిగేదే అడిగింది.

"మీరేంట్లమ్మా?"

"మీ వాళ్ళేం చేస్తారని అడుగుతున్నారు," అన్నాడు డేవిడ్‌రాజు పెళ్ళాంతో ఇంగ్లీషులో, మొహం అటు తిప్పుకుని.

"మా నాన్న చేపలు పట్టాడు," అంది మారిసెల్, అతని దగ్గర నేర్చుకున్న తెలుగులో. "వల. చిన్న పడవ."

సుబ్బమ్మ మొహం విచ్చుకుంది. "మా బెస్తోళ్ళ లాగా అన్నమాట. మంచోళ్ళేలే. మున్నేట్లో చేపలు పడితే ముందు మా ఇంటికే తెచ్చేవోళ్ళు." అతని వైపు తిరిగింది. "నీ పేరేందయ్యా?"

"రాజండి. వత్సవాయి వైపు."

డేవిడ్‌ని మింగేశాడు. పెనుగంచిప్రోలునీ మింగేశాడు. ఇక ఆ ఇంటి గోడకి సిలువ వేలాడినా అది దొరసాని సిలువ. ఆదివారం ప్రార్థన చేసినా అది దొరసాని ప్రార్థన. చూడబోతే మారిసెల్‌ది మన చామనఛాయే, జుట్టూ మన నలుపే. అయినా ఫారిన్ అంటే దొరసానే. ఎక్కడి సముద్రాలో దాటి వచ్చిన ఆడమనిషి చాటున నక్కి, సొంత గడ్డ మీద ఒక మగాడు తలదాచుకున్నాడు. మన ఊళ్ళ గొప్పతనం ఇంత.

మారిసెల్‌కి ఇవేం తెలియవు. ఆమెకి ఆ మొదటి నెలలన్నీ నిద్రలో నడిచినట్టే గడిచాయి. పొద్దున మొగుడు నందిగామ బస్సుకి, పిల్ల బడికి వెళ్ళిపోయాక ఇల్లు నిశ్శబ్దంగా తేలేది. మధ్యాహ్నం పడుకుంటే కలలో మున్నేరు పొంగి, సముద్రమై, మెట్లెక్కి వచ్చేది. ఆమె మేలుకుని డాబా మీదికి పోతే, అక్కడ నిజంగానే ఎర్రటి సముద్రం పరిచి ఉండేది. పెనుగంచిప్రోలులోని సొంత చేలోంచి వచ్చిన మిరపకాయలు, ఇంటి వాడకానికని సుబ్బమ్మ ఆరబెట్టించినవి. గాలి వస్తే కాయలు గలగలమనేవి. మారిసెల్ తుమ్మేది. నవ్వుకునేది. మళ్ళీ తుమ్మేది. ఏ దేశంలో ఉందో ఆ తుమ్ములే ఆమెకి చెప్పేవి.

సుబ్బమ్మ ఆమెకి పప్పుచారు నేర్పింది. చింతపండు ఎంత నానాలో, ఎంత పిసకాలో. ఆ పులుపు నోట్లో పడగానే మారిసెల్‌కి అమ్మ చేసే చేపల పులుసు జ్ఞాపకం వచ్చి కళ్ళు చెమ్మగిల్లాయి.

"కారం ఎక్కువైందా అమ్మాయ్?"

"లేదు. నువ్వు మంచిగా చేసావు. నువ్వు కూడా తిను."

సుబ్బమ్మ పగలబడి నవ్వింది. "మా ఆయన పోయాక నన్ను నువ్వన్నది నువ్వేనే. మా కోడలు వింటే మూర్ఛపోద్ది."

ఇక గ్రేసీ సంగతి. వాళ్ళ దీవిలో ఒక పద్ధతుంది. ఇంటికి రాగానే పిల్లలు పెద్దవాళ్ళ చెయ్యి అందుకుని, ఆ వేళ్ళ వెనక వైపు తమ నుదుటికి ఆనించుకుంటారు. మానో అంటారు దాన్ని. పెద్దవాళ్ళు ఎక్కువమంది ఉంటే అందరిలోకీ పెద్దవాళ్ళతో మొదలుపెట్టాలి. మారిసెల్ అన్నీ వదులుకుంది గానీ ఇది వదల్లేదు. బడిలో చేరిన రోజు సాయంత్రం గ్రేసీ సంచీతో సహా వెళ్ళి, వరండాలో మంచం మీద ఉన్న సుబ్బమ్మ చెయ్యి లాక్కుని నుదుటికి పెట్టుకుంది.

"ఇదేందే? దణ్ణమంటే కాళ్ళకి గదా పెడతారు?"

"కాళ్ళకి పెడితే మీ మొహం కనపడదుగా మామ్మగారూ," అంది గ్రేసీ. ఆ పిల్లకి తెలుగు ఇట్టే వచ్చేసింది.

ఆ మాట సుబ్బమ్మకి ఎక్కడో తగిలింది. మొగుడు పోయాక పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఆ చెయ్యి ఎవరికీ అక్కర్లేదు. ఇక్కడ ఒక పిల్ల రోజూ అడిగి మరీ తీసుకుంటోంది. అప్పట్నించీ సాయంత్రం బడి బస్సు హారన్ వినపడగానే సుబ్బమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుని, మంచం పట్టె మీద సిద్ధంగా పెట్టుకునేది. పక్కన గిన్నెలో జంతికలు.

ఆదివారాలు పెనుగంచిప్రోలు. ఏటి ఒడ్డు ఇసుకలో గ్రేసీ ఇళ్ళు కట్టేది. డేవిడ్‌రాజు తల్లి బేబి, మాలపల్లెలో రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేది. మొగుడు సొలొమోను ఎప్పుడో చనిపోయాడు. మిరప కోతలూ, నాట్లూ చేసి చేసి వేళ్ళు వంకర తిరిగిపోయాయి. ఆ వంకర వేళ్ళనే గ్రేసీ నుదుటికి పెట్టుకుంటే, "నా బంగారు తల్లి" అని మెటికలు విరిచేది. మా ఇంటికి రా అని మారిసెల్ ఎన్నిసార్లు పిలిచినా మాత్రం ఏదో ఒకటి చెప్పేది. ఆటో కుదుపులు పడవు. కోడి గుడ్ల మీదుంది. డేవిడ్‌రాజు కూడా "రాదులే, వదిలెయ్" అనేవాడు.

కొడుకింటికి తల్లి రాకపోవడం మారిసెల్‌కి అంతు పట్టలేదు. ఒక ఆదివారం డేవిడ్‌రాజుకి డ్యూటీ పడింది. ఆమె ఆటో మాట్లాడి పెనుగంచిప్రోలు పంపింది. ఫోన్లో, "గ్రేసీ నీకోసం అన్నం తినడం లేదు," అని అత్తకి అబద్ధం చెప్పింది. మనవరాలు పస్తుందంటే ఏ నాయనమ్మ ఆగుతుంది?

ఆటో గేటు ముందు ఆగింది. బేబి దిగింది. ఇల్లు చూసింది. వరండాలో మంచం మీద మనిషిని చూసింది. అంతే, చెప్పులు గేటు బయటే విప్పి, వాటిని చేత్తో పట్టుకుని నిలబడిపోయింది.

"అమ్మగారూ, బాగున్నారా?"

"ఏమే బేబీ," అంది సుబ్బమ్మ. "నువ్వేందిట్లా వచ్చావు? కాయకోత ఊళ్ళో గదా?"

సుబ్బమ్మ వాళ్ళ చేలోనే బేబి వయసంతా మిరపకాయ కోసింది. అంటే ఈ డాబా మీద ఎండుతున్న కాయలన్నమాట. ఆ మాట ఇద్దరికీ తెలుసు. మారిసెల్‌కి తెలియదు. ఆమె మెట్ల మీంచి నవ్వుతూ దిగి వస్తోంది.

ఆమె కంటే ముందు గ్రేసీ దిగింది. "నాయనమ్మా!" అంటూ గేటు దాకా పరుగెత్తి, అలవాటు ప్రకారం బేబి చేతి కోసం చెయ్యి చాపింది.

బేబి చెయ్యి వెనక్కి పెట్టుకుంది. చెప్పులతో సహా వీపు వెనక్కి.

పిల్ల ఒక్క క్షణం ఆగింది. నాయనమ్మ ఆటాడుతోంది అనుకుంది. వెనక్కి తిరిగి సుబ్బమ్మ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది. సుబ్బమ్మ పిల్లని చూసింది, గేటు దగ్గర బేబిని చూసింది. ఆ మొహాన్నీ ఈ మొహాన్నీ కలిపి చూసుకుంది. మంచం పట్టె మీది చెయ్యి మెల్లగా జరిగి కొంగు కిందికి వెళ్ళిపోయింది.

గ్రేసీ తల వంచుకునే నిలబడింది. ముందు ఒక చెయ్యీ లేదు. వెనక ఒక చెయ్యీ లేదు. డాబా మీద కాయలు గాలికి గలగలమన్నాయి. మారిసెల్‌కి అదంతా నీళ్ళ అడుగున జరుగుతున్నట్టు కనపడింది. ఎవరూ కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. అయినా ఎవరినో కొట్టారు.

బేబి లోపలికి రాలేదు. వచ్చిన ఆటోలోనే వెళ్ళిపోయింది.

సాయంత్రం నందిగామ నుంచి వచ్చిన డేవిడ్‌రాజు అంతా విని మంచం మీద కూలబడ్డాడు.

"ఎందుకు పిలిచావు?"

"అమ్మని పిలిచా. ఎందుకు పిలిచావు అని అడుగుతావా నువ్వు?" అంది మారిసెల్. "ఆమె చెయ్యి దాచింది. అమ్మ కూడా చెయ్యి దాచింది. ఎందుకు?"

అతను చెప్పడానికి ప్రయత్నించాడు. దోహాలో ఈ మాటలతో పని పడలేదు. అక్కడ అందరూ పని చేసుకునే జనమే. ఇంగ్లీషులో మొదలుపెట్టి, అది చాలక తెలుగులోకి వచ్చాడు. సుబ్బమ్మని ఇల్లు అడిగిన రోజే తను గుర్తుపట్టాడు, ఆమే తనని పట్టలేదు. చిన్నప్పుడు తను చేలో గట్టు మీద కూచుని ఉంటే, అమ్మ దోసిలి పట్టేది. సుబ్బమ్మ చెంబుతో పైనించి నీళ్ళు పోసేది. చెంబు దోసిలికి తగలకుండా. ఒక్క చుక్క ఎదురు చింది సుబ్బమ్మ మీద పడకుండా. "మంచి మనిషే," అన్నాడు. "ఎండలో ఎవర్నీ దాహంతో ఉంచేది కాదు. అంత ఎత్తునించి పోసేది."

మారిసెల్ విన్నది. ఎవరి కలో వింటున్నట్టు విన్నది. అంత ఎత్తునించి పడే నీళ్ళు ఆమెకి కళ్ళ ముందు మెరిశాయి, సన్నగా, తాడులా. ఆ తాడు కింద ఒక దోసిలి.

మర్నాడు పొద్దున్నే సుబ్బమ్మ మెట్ల కింద నిలబడి పిలిచింది.

"ఏమ్మాయ్. పై పోర్షన్‌కి మా చుట్టాలొస్తున్నారు. మీరు వేరే ఇల్లు చూసుకోవాల."

ఈ ఊళ్ళలో ఇలాగే చెప్తారు. చుట్టాలొస్తారు, లేకపోతే రిపేరు చేయిస్తారు. కులం అన్న మాట ఎవరి నోటా రాదు. వినేవాళ్ళకీ పద్ధతి తెలుసు కాబట్టి తల ఊపి సామాను సర్దుకుంటారు. ఇన్నేళ్ళుగా ఇంత మర్యాదగా నడుస్తున్న యవ్వారం ఇది. మారిసెల్‌కి ఆ మర్యాద రాదు. ఆమెకొచ్చిన తెలుగు గుప్పెడు, అందులో చాటు మాటలు లేవు.

"ఏ చుట్టాలు?" అంది, మెట్లు దిగుతూ.

"మా ఆడబిడ్డ తాలూకు."

"పేరేంటి?"

"పేరెందుకమ్మా నీకు?"

"పేరు లేదు. చుట్టాలు లేరు." మారిసెల్ ఆఖరి మెట్టు మీద కూచుంది. కోపంగా లేదు ఆమె. అదే సుబ్బమ్మని ఎక్కువ ఇబ్బంది పెట్టింది. "నిన్న చెయ్యి దాచావు. ఎందుకు?"

సుబ్బమ్మ అటూ ఇటూ చూసింది. ఎదురింటి రాజ్యశ్రీ ముగ్గు వేస్తూ చెవులు ఇటే పెట్టింది. "అది నీకు తెలీదులే అమ్మాయ్. మీ దేశం వేరు."

"తెలీదు. నువ్వు చెప్పు. చింతపండు నేర్పావు. పప్పుచారు నేర్పావు. ఇది కూడా నేర్పు."

సుబ్బమ్మ నోరు తెరిచింది. ఏం చెప్పాలి? ఎక్కడ మొదలుపెట్టాలి? పుట్టినప్పట్నించీ ఎరిగిన సంగతే అది, అన్నం తినడమంత తెలిసిన సంగతి. ఒక మాటలో పెట్టి ఎదుటి మనిషి మొహాన చెప్పమనేసరికి నాలిక మీద ఒక్క అక్షరం లేదు. వట్టి పులుపు.

పైన తలుపు చప్పుడైంది. డేవిడ్‌రాజు బ్యాగు తగిలించుకుని బస్సుకి బయల్దేరాడు. మెట్లు సగం దాకా దిగి ఆగాడు. అతను పక్కనించి జారుకుని వెళ్ళిపోవచ్చు. ఇన్నాళ్ళూ అలాగే వెళ్ళాడు. మారిసెల్ వెనక్కి తిరిగి చూడలేదు, సాయమూ అడగలేదు. అడిగితే వెళ్ళిపోయేవాడేమో.

"నా పేరు డేవిడ్‌రాజండి," అన్నాడు. "మాది పెనుగంచిప్రోలు మాలపల్లె. సొలొమోను కొడుకుని. మీ చేలో కాయ కోసిన బేబి మా అమ్మ. వత్సవాయని అబద్ధం చెప్పా. అది నా తప్పే. ఇల్లు మాత్రం ఖాళీ చెయ్యం."

"నేనేం అన్నానయ్యా ఇప్పుడు?"

"ఏం అనలేదండి. అదే నేను చెప్పేది. అనండి. మీ అబ్బాయిని పిలవండి. రాజ్యశ్రీ గారు కూడా వింటారు. ఎందుకు ఖాళీ చెయ్యమంటున్నారో మీ నోటితో అనండి. అప్పుడు చేస్తా."

ముగ్గు వేసే చెయ్యి ఆగిపోయింది. సుబ్బమ్మ మొహం కందగడ్డ అయ్యింది.

"చుట్టాలు ఇప్పుడప్పుడే రారులే," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ వారం ఇల్లు రెండుగా చీలి తేలింది. కింద ఒక పడవ, పైన ఒక పడవ. సాయంత్రం బస్సు హారన్ మోగేది. గ్రేసీ వరండా వైపు చూడకుండా మెట్లెక్కేది. పోవద్దని మారిసెల్ పిల్లకి చెప్పలేదు, పొమ్మనీ చెప్పలేదు. పైనించి పిట్టగోడ మీదుగా చూస్తే, మంచం పట్టె మీద ఒక చెయ్యి కనపడేది. కొంగుతో తుడిచిన చెయ్యి. కాసేపు ఉండి, ముడుచుకుని లోపలికి పోయేది. జంతికల గిన్నెకి చీమలు పట్టాయి. మారిసెల్‌కి జాలేసింది. జాలేసినా దిగి వెళ్ళలేదు. నీళ్ళ తాడు కళ్ళ ముందు అలా వేలాడుతూనే ఉంది.

ఆ తర్వాతి ఆదివారం డేవిడ్‌రాజు తనే పెనుగంచిప్రోలు వెళ్ళాడు. తల్లిని ఎలా ఒప్పించాడో ఎవరికీ తెలియదు. పదకొండింటి ఎండలో ఆటో వచ్చి గేటు ముందు ఆగింది. బేబి దిగి, మళ్ళీ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది.

"వేసుకో అమ్మా," అన్నాడు డేవిడ్‌రాజు.

"ఊరుకోరా. ఎండేం లేదుగా."

కాళ్ళు కాలుతున్నాయని తెలుస్తూనే ఉంది. ఒక కాలు మీంచి ఇంకో కాలికి మారుతోంది. సుబ్బమ్మ వరండాలోనే ఉంది. ఇవాళ లేచి లోపలికి పోవచ్చు. పోలేదు.

మారిసెల్ గ్రేసీని చెయ్యి పట్టుకుని మెట్లు దించింది. వాకిట్లోకి వచ్చి, అందరికీ వినపడేలా, పాఠం అప్పజెప్పించినట్టు అడిగింది.

"మానో ఎవరితో మొదలు?"

"అందరికంటే పెద్దోళ్ళతో."

"ఇక్కడ ఎవరు పెద్ద?"

గ్రేసీ ఇద్దరినీ చూసింది. తేల్చుకోలేక అక్కడే అడిగేసింది. "మామ్మగారూ, మీరు పెద్దా, మా నాయనమ్మ పెద్దా?"

సుబ్బమ్మ మంచం పట్టె వైపు చూస్తూ అంది. "మీ నాయనమ్మే. నేను కాపరానికొచ్చేటప్పటికే కోతకొచ్చేది. అప్పటికే చంకలో పిల్లోడున్నాడు."

గ్రేసీ వెళ్ళి బేబి ముందు నిలబడి చెయ్యి చాపింది. బేబి చెయ్యి వీపు వెనకే ఉంది. ఆమె సుబ్బమ్మ వైపు చూసింది. అది అనుమతి కోసం చూసిన చూపు. ఒక బతుకంతా చూసిన చూపు. డేవిడ్‌రాజు పళ్ళు కొరుక్కున్నాడు. ఈ ఒక్కటీ ఎవరూ చేసి పెట్టేది కాదు.

"నాయనమ్మా, ఎండ," అంది గ్రేసీ. "నా కాళ్ళు కాల్తున్నాయి."

అంతే. మనవరాలి కాళ్ళ కంటే ముందు లోకంలో ఏముంది? బేబి చెయ్యి బయటికి వచ్చింది. వంకర వేళ్ళు, గోళ్ళ చివర్ల ఇంకా కాయ ఎరుపు. ఆ వేళ్ళు ఎండలో, గేటు లోపల, సుబ్బమ్మ కళ్ళెదుట, గ్రేసీ నుదుటి మీద ఆగాయి. ఎవరూ అడ్డం రాలేదు. రాజ్యశ్రీ ఎదురింటి కిటికీలోంచి చూసింది. ఆకాశం ఊడిపడలేదు.

తర్వాత గ్రేసీ వెనక్కి తిరిగి వరండా వైపు నడిచింది. మంచం ముందు ఆగి, అదే తల వంచి, అదే నుదురు చూపించి నిలబడింది. నాయనమ్మ వేళ్ళు ఆనిన నుదురే. పిల్లకి తొందరేం లేదు.

సుబ్బమ్మ చెయ్యి లేచిందా లేదా అని మారిసెల్ చూడలేదు. ఆమెకి వేరే పనుంది. అత్త చేతిలోంచి చెప్పులు తీసుకుంది. మెట్ల కింద తమ చెప్పుల వరసలో, సుబ్బమ్మ చెప్పుల పక్కనే పెట్టింది.

"పైకి రా," అంది. "పప్పుచారు చేసా."

బేబి రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. పైకి వచ్చేసరికి డాబా అంతా ఎర్రగా, అలలు అలలుగా, ఆ చివర గోడ దాకా పరుచుకుని ఉంది. గాలికి గలగలమంటోంది. బేబి నిలబడి చాలాసేపు చూసింది. కోసేటప్పుడు ఎప్పుడూ తలెత్తి ఇంత దూరం చూడలేదు.

"ఇంత కాయ కోసామా మేము," అంది.

తుమ్మింది. మారిసెల్ కూడా తుమ్మింది. కింద వరండాలోంచి ఇంకో తుమ్ము వినపడింది. దాని వెనకే గ్రేసీ నవ్వు.